కొబ్బరిచెట్టు నష్టం వారంలో తేలదు

1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అదుపు తప్పింది. మంటలు ఆరేసరికి 65 రోజులు పట్టింది. అలాంటి ప్రమాదంలో మాడిపోయిన చెట్టు ఎవరికైనా కనిపిస్తుంది, లెక్కలోకి ఎక్కుతుంది. పచ్చగా నిలబడి కాపు తప్పే చెట్టే ఎన్యూమరేషన్‌కి, అంటే అధికారుల నష్టం లెక్కింపుకి, దొరకదు. కోనసీమలో పరిహారం దెబ్బతినేది ఇక్కడే.

కొబ్బరి మొవ్వులో, అంటే చెట్టు తలలోని లేత చిగురులో, పూగుత్తి మొలక వేశాక పైకొచ్చి విచ్చుకోవడానికి దాదాపు 32 నెలలు పడుతుంది. ఆ పైన కాయ ముదరడానికి మరో ఏడాది. ఇవాళ సెగకో ముడిచమురు తుంపరకో మొవ్వు దెబ్బతింటే, ఆ లోటు మూడేళ్ల తర్వాతి దింపులో (కాయల కోతలో) కూడా బయటపడవచ్చు. వారం పది రోజుల్లో చెట్లు లెక్కపెట్టుకుని వెళ్లిపోతే ఈ నష్టం కాగితం మీదికే రాదు. చెట్టు చచ్చిపోతే దేశవాళీ మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఒక్క ఏడాది కాపుకి విలువ కట్టి చేతులు దులుపుకోవడం అన్యాయం.

కాబట్టి పరిహారం రెండు విడతలుగా ఉండాలి. మొదటిది వెంటనే. రెండోది లెక్క ప్రకారం: ప్రతి చెట్టుకీ రంగుతో నంబరు, ఫొటో, వర్తకుడిచ్చిన పాత దింపు చీటీలు, దెబ్బ తగలని పక్క ఊరి తోటతో పోలిక, ఆ తర్వాత ప్రతి దింపులో కాయల సంఖ్య. మొదటి విడత తీసుకునేటప్పుడు ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. ‘మధ్యంతర సాయంగా అందుకున్నాను’ అని రాయించుకోవాలి.

పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి సంబంధించిన 2010 నాటి చట్టం ఇందుకు వీలిస్తుంది. పరిహారం కోరడానికి అయిదేళ్ల గడువుంది. ప్రమాదమైతే 17వ సెక్షన్ కింద కంపెనీ నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయనక్కర్లేదు. ఫీజు అడిగిన మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజే లేదు. పాడిపశువులు, చేపలు, పంటలు, తోటలు, పోయిన ఉపాధి... వీటన్నిటికీ రెండో షెడ్యూలులో పద్దులున్నాయి. దింపు కార్మికుడు, కౌలురైతు ఉపాధి పద్దు కింద విడిగా అడగాలి. పట్టాదారు పాస్‌బుక్కే చూసి డబ్బు పంచితే వీళ్లకి చిల్లిగవ్వ రాదు. కౌలుకార్డు చేతిలో ఉంటే వాదన నిలుస్తుంది.

డ్రెయిన్లలో వేట మీద బతికేవాళ్లకి రుజువు మరీ కష్టం. పశ్చిమ గోదావరిలోని యనమదుర్రు, గొంతేరు లాంటి డ్రెయిన్లలో వ్యర్థాలు కలిసినప్పుడు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకి పడిపోతుంది, చేపలు తేలతాయి. ఎండెక్కి నాచు ఆక్సిజన్ వదిలాక మధ్యాహ్నానికి నీరు కొంత తేరుకుంటుంది. అప్పుడొచ్చి సీసా ముంచితే రిపోర్టు బాగానే వస్తుంది. తెల్లారకముందే, వ్యర్థం కలిసే చోటుకి ఎగువనా దిగువనా నమూనాలు తీయాలి. సీసాలో ఆక్సిజన్ లెక్క మారిపోకుండా మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయోడైడ్ అక్కడికక్కడే కలపాలి. కాలుష్య నియంత్రణ మండలి రోజుల లెక్కన వసూలు చేసే పర్యావరణ పరిహారం వల వేసేవాడి చేతికి రాదు. అతని వాటా కోసం ట్రిబ్యునల్‌లో విడిగా దరఖాస్తు పెట్టాల్సిందే, దానికి ఆధారం ఆ తెల్లవారుజాము సీసాయే.