ఆ గిటార్‌కు వైరు ఎక్కడ?

గత వేసవిలో బాలానగర్‌లోని ఒక ఖాళీ గోడౌన్‌లో సగం రోజు గడిపాను. తెలుగులో రాక్ పాటలు కట్టి పాడే నలుగురు కుర్రవాళ్లు అక్కడ తమ మొదటి వీడియో తీసుకుంటున్నారు. రేకుల కప్పు కింద ఉక్కపోత, మూలన పొగ వదిలే మెషీన్, వెనక నుంచి కళ్లలోకి కొట్టే రెండు లైట్లు. నాగ్రాలో పాట వేశారు. షూటింగులో పాట వినిపించే పరికరాన్ని మన సినిమావాళ్లు నాగ్రా అంటారు. ఆ టేప్ రికార్డర్ల కాలం పోయినా పేరు మాత్రం నిలిచింది. చప్పుడు రాకుండా డ్రమ్మర్ తన సింబల్స్‌కు తువ్వాళ్లు చుట్టాడు. గిటార్ వాయించే అబ్బాయి తల విదిలిస్తూ తీగల మీద విరుచుకుపడుతున్నాడు.

"తమ్ముడూ, దీనికి వైరు పెట్టవా?" అని లైట్లు చూసుకునే పెద్దాయన అడిగారు.

"ఫ్రేములో పడదులే అన్నా" అన్నాడు కెమెరా అబ్బాయి.

అప్పుడు చూశాను. ఎలక్ట్రిక్ గిటార్‌కు వైరు లేదు. వెనక నిలబెట్టిన యాంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలగడం లేదు. తర్వాతి షాట్ నెమ్మదిగా కదలాలని పాటను రెట్టింపు వేగంతో వేశారు, కెమెరాను సెకనుకు 50 ఫ్రేములకు పెట్టారు. దాన్ని 25కు దించి ఆడిస్తే జుట్టు గాలిలో తేలుతుంది, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. గాయకుడు ఆ రెట్టింపు వేగాన్ని అందుకోవడానికి రొప్పుతూ పెదవులు కదుపుతుంటే, అతని ముఖం మీద చెమట ఒక్కటే నిజమనిపించింది.

అప్పటి నుంచి ఏ రాక్ వీడియో చూసినా నా కళ్లు ముందు వైరు కోసం వెతుకుతున్నాయి.

రాక్ సంగీతం తన గురించి చెప్పుకునే మొదటి మాట "మేమే వాయిస్తాం, మేమే పాడతాం" అన్నది. తక్కిన సంగీతాలకు వేషం వేసుకునే వెసులుబాటు ఉంది. రాక్ తన మర్యాద అంతా నిజాయితీ మీద కట్టుకుంది. అందుకే బృందమంతా వాద్యాలతో నిలబడి వాయిస్తూ కనిపించడం రాక్ వీడియోకు మొదటి ఆనవాయితీ అయింది. చిక్కల్లా అక్కడే ఉంది. "చూడండి, నిజంగా వాయిస్తున్నాం" అని చూపించే ఆ దృశ్యంలోనే వాళ్లు వాయించడం లేదు. ఈ వీడియోల్లో ఏది ఆనవాయితీని పాటించింది, ఏది ధిక్కరించింది అని తేల్చడానికి వేషధారణ, కథ, ఎడిటింగ్ అని ఎన్నో కొలతలు చెబుతారు. నాకు ఈ ఒక్క అబద్ధంతో ఎవరు ఎలా వ్యవహరించారన్నదే అన్నిటికన్నా పెద్ద కొలత.

1975లో క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సొడీ'కి తీసిన వీడియో చూడండి. బ్రూస్ గవర్స్ దర్శకత్వంలో ఎల్‌స్ట్రీ స్టూడియోలో నాలుగు గంటల్లోపే చిత్రీకరణ ముగించారని చెబుతారు. గొంతు మీద గొంతు పేర్చి స్టూడియోలో కట్టిన ఆ మధ్యభాగాన్ని నలుగురు వేదికెక్కి పాడటం అసాధ్యం. బీబీసీ వారి టీవీ పాటల కార్యక్రమం 'టాప్ ఆఫ్ ద పాప్స్'లో ఉత్తుత్తి పెదవులు కదిపే పని తప్పించుకోవడం కూడా ఆ వీడియో ఉద్దేశాల్లో ఒకటి. నన్ను ఆకట్టుకునేది దాని లోపలి పద్ధతి. మామూలుగా వాయించగలిగిన భాగాల్లో వాళ్లు వేదిక మీద వాద్యాలతో కనిపిస్తారు. గొంతుల గోపురం లేచేసరికి వాద్యాలు మాయమవుతాయి. చీకటిలో నాలుగు ముఖాలు, ఆ ముఖాలకు ప్రతిబింబాలు. ఇది వాయించేది, ఇది యంత్రాలతో కట్టినది అని బొమ్మే విడదీసి చెబుతోంది. రాక్ వీడియోకు తొలి నమూనా అని అందరూ చెప్పే ఈ వీడియో, తర్వాత వచ్చిన చాలావాటికన్నా నిజాయితీగా ఉంది.

1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ మొదలైంది. రాత్రింబవళ్లు పాటలు చూపించే చానల్‌కు తిండి కావాలి. తిండి తయారీకి అచ్చులు కావాలి. పొగ, ఎగిరే జుట్టు, అలంకారానికి నిలబెట్టిన అమ్మాయిలు, ఎత్తైన చోట గిటార్ సోలో. 1992లో గన్స్ ఎన్ రోజెస్ 'నవంబర్ రెయిన్' దగ్గరికి వచ్చేసరికి ఈ అచ్చు పరాకాష్ఠకు చేరింది. బయలు నేలలో ఒంటరి చర్చి ముందు ఆ బృందం గిటారిస్టు స్లాష్ ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటాడు, కెమెరా ఆకాశం నుంచి చుట్టూ తిరుగుతుంది. కనుచూపు మేరలో కరెంటు స్తంభం లేదు, గిటార్‌కు వైరు లేదు. 2018 నాటికి యూట్యూబ్‌లో 100 కోట్ల వీక్షణలు దాటిన వీడియో అది. ఆ సోలో నాకు ప్రాణం. అయినా ఇంత పచ్చి అబద్ధాన్ని ఇంతమందిమి ఇన్నేళ్లు ప్రశ్న లేకుండా చూశామంటే ఆనవాయితీ బలం ఎంతటిదో తెలుస్తుంది.

ధిక్కారం కూడా అచ్చుగా మారిపోతుంది. మెటాలికా బృందం మొదటి మూడు ఆల్బములకూ వీడియో తీయలేదు. చివరికి 1989లో 'వన్' పాటకు తీసినప్పుడు తళుకుబెళుకులన్నీ వదిలేసి, ఒక ఖాళీ గిడ్డంగిలో నలుపు తెలుపుల్లో వాయిస్తూ కనిపించారు. మధ్యమధ్య, యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికుడి కథ చెప్పే పాత సినిమా ముక్కలు. ఆడంబరాన్ని కాదనడానికి వెళ్లిన చోటది. తర్వాత ప్రపంచంలోని ప్రతి హెవీ మెటల్ బృందానికీ గిడ్డంగి ఒక సెట్టింగు అయిపోయింది. బాలానగర్ కుర్రవాళ్లు ఆ గోడౌన్ ఎందుకు ఎంచుకున్నారని అడిగితే "రాక్ వీడియో అంటే అలాగే ఉంటుంది కదండీ" అన్నారు. వాళ్లను తప్పు పట్టలేను. మూడు దశాబ్దాల కిందటి తిరుగుబాటు వాళ్లకు సామగ్రిగా అందింది.

నిర్వాణా బృందం సంగతి వేరు. 1991లో శామ్యూల్ బేయర్ తీసిన 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'లో అచ్చులన్నీ ఉన్నాయి: బడి వ్యాయామశాల, ఉత్సాహపరిచే అమ్మాయిలు, మధ్యలో బృందం. గంటల తరబడి మెట్ల మీద కూర్చోబెట్టిన కుర్రకారును చివర్లో కిందికి దిగనిచ్చారు. వాళ్లు విరుచుకుపడి చేసిన రభస ఎవరూ నేర్పినది కాదు. అదే ఏడాది నవంబరులో 'టాప్ ఆఫ్ ద పాప్స్' వాళ్లు వాద్యాలకు రికార్డు పెట్టి, గొంతు మాత్రం నేరుగా పాడమన్నారు. బృందం గాయకుడు కర్ట్ కొబేన్ గిటార్ తీగలను తాకీ తాకనట్టు చేతులాడించి, పాటను పాతాళపు శ్రుతిలో పాడాడు. అబద్ధాన్ని దాచకుండా అందరికీ కనబడేలా ఆడి చూపించాడు.

అసలు వాద్యాన్నే పక్కన పెట్టినవాళ్లూ ఉన్నారు. రీప్లేస్‌మెంట్స్ బృందం 1985లో ఒక స్పీకరు పెట్టెను చూపించి ఊరుకుంది. 2006లో ఓకే గో బృందం నలుగురూ ఎనిమిది ట్రెడ్‌మిల్లుల మీద ఒకే షాట్‌లో ఆడారు. గిటార్ లేదు, డ్రమ్ముల సెట్టు లేదు. పొరపాటు జరిగితే మళ్లీ మొదటి నుంచి చేయాలి. వేదిక మీద రాక్ బృందానికి ఉండే జంకు, గురి, ఒకరి కాలును ఒకరు కనిపెట్టడం ఆ ట్రెడ్‌మిల్లుల మీద ఉన్నాయి. రాక్ స్వభావానికి 'నవంబర్ రెయిన్' కన్నా అదే దగ్గరగా ఉందని నేను నమ్ముతాను.

ఈ లెక్కలన్నీ అక్కడివి. హైదరాబాద్‌కు వచ్చేసరికి తూకం తిరగబడుతుంది.

మన పాటకు ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. ఎన్టీఆర్‌కూ ఏఎన్నార్‌కూ ఘంటసాలే పాడారు. బాలు ఏ హీరోకు పాడితే ఆ హీరో గొంతును తన గొంతులోకి తెచ్చుకున్నారు. భానుమతి, నాగయ్యల్లా తమ పాట తామే పాడుకున్న నటులు ఒకప్పుడు ఉన్నా, తర్వాత ప్లేబ్యాకే మన కంటికీ చెవికీ రివాజు అయింది. అందులో మోసం ఉందని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోను. అలాంటి చోట, పాడినవాడే కెమెరా ముందుకు వచ్చి "ఇది నా గొంతు, ఇది నా ముఖం" అనడం చిన్న విషయం కాదు. పడమట అరిగి అరిగి మొద్దుబారిన ఆనవాయితీ, అంటే బృందం నిలబడి తమ పాట తాము పాడటం, తెలుగులో ఇప్పటికీ సాహసమే. ఏది పాతది, ఏది ధిక్కారం అన్నది పక్కనే రాజ్యమేలుతున్నది ఏమిటన్న దాన్ని బట్టి తేలుతుంది.

అందుకే "ఊరికే నిలబడి వాయిస్తే ఎవరు చూస్తారు, ఒక కథ పెట్టండి" అని కుర్ర బృందాలకు సలహా ఇచ్చేవాళ్లతో నాకు పేచీ. ఆ కథ ఎలా ఉంటుందో మనకు తెలుసు: ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, వాన, విడిపోవడం. బృందం ముఖాలు పక్కకు పోయి ఇద్దరు నటుల ముఖాలు వస్తాయి. పాట తిరిగి సినిమా ఒడిలోకి చేరుతుంది.

చౌరస్తా బృందం సంగతి గుర్తు చేసుకుంటే ఇది బాగా తెలుస్తుంది. వాళ్లది కచ్చితంగా రాక్ అనలేం. జానపదం, రెగే కలిసిన బాణీ. 2018 ప్రాంతంలో వాళ్ల పాటలు సినిమా అండ లేకుండా జనంలోకి వెళ్లాయి, గొంతులతో పాటు పాడినవాళ్ల ముఖాలూ జనానికి తెలిశాయి. 2021లో ఆ బృందంలో పాడిన రామ్ మిర్యాల గొంతు 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాటగా ఊరూవాడా మోగింది. తెర మీద ముఖం మాత్రం హీరోది. ఆయన ఎదుగుదలకు సంతోషించాను, పాట నచ్చింది కూడా. అయినా గొంతూ ముఖమూ మళ్లీ విడిపోయాయన్న బాధ నాకు మిగిలింది.

పాడేవాడే కనబడే సంప్రదాయం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. బుర్రకథలో ముగ్గురు నిలబడతారు: నడుమ తంబుర పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలతో వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. గౌతం ఘోష్ తీసిన 'మా భూమి'లో 'బండెనక బండి కట్టి' పాటను గద్దర్ తానే పాడి, తానే తెర మీద ఆడారు. ఆయనను సభల్లో చూసినవారికి ఆ రూపం కళ్లకు కట్టే ఉంటుంది: భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. గజ్జె మోగిందంటే కాలు కదిలినట్టే. అక్కడ ఉత్తుత్తి వాయింపుకు చోటే లేదు. తెలుగు రాక్ వీడియో వెనక్కి తిరిగి చూసుకోవాల్సింది లాస్ ఏంజెలెస్ గిడ్డంగుల వైపు ఒక్కటే కాదు, ఈ నేల వైపు కూడా.

ఇంకొక బాధ ఉంది, అది లిరికల్ వీడియోలది. 1965లో బాబ్ డిలన్ లండన్ సవోయ్ హోటల్ పక్క సందులో నిలబడి, పాటలోని మాటలు రాసిన అట్టలను ఒక్కొక్కటిగా కింద పడేశాడు. పెదవులు కదపలేదు, గిటార్ పట్టలేదు. అట్టల మీద కొన్నిచోట్ల పాటలోని మాటకు బదులు మరో మాట ఉంటుంది. చూసేవాడు చెవినీ కంటినీ రెంటినీ తెరిచి ఉంచాలి. మన లిరికల్ వీడియోలో అక్షరాలు గొంతు వెంట బుద్ధిగా నడుస్తాయి. పైగా చాలాచోట్ల పాట తెలుగు, అక్షరాలు ఇంగ్లీషువి. సినిమా సంస్థలు ఎలా చేసినా, తెలుగులో రాసుకోవాలనే పట్టుదలతో బయల్దేరిన రాక్ బృందం కూడా తన మాటలను పరాయి లిపిలో చూపిస్తే మనసు చివుక్కుమంటుంది. "ళ"కూ "ల"కూ తేడా లేని లిపిలో ఆ పాట సగం చచ్చిపోతుంది.

బాలానగర్ వీడియో వినాయక చవితికి ముందు విడుదలైంది. పొగ బాగా వచ్చింది. జుట్టు బాగా ఎగిరింది. పాట మంచిది కాబట్టి పదిసార్లు చూశాను, పదిసార్లూ ఆ ఆరిపోయిన ఎర్ర దీపమే కంటపడింది.

రెండో పాటకు చోటు ఎక్కడ బాగుంటుందని ఈమధ్య వాళ్లే ఫోను చేసి అడిగారు. ఖాజాగూడ గుట్టలు చూడమన్నాను. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు, వెనక ఐటీ భవనాల అద్దాలు. జనరేటర్‌ను దూరంగా బండ చాటున పెట్టి, పొడవాటి కేబుల్ లాగండి, అది ఫ్రేములో కనబడనివ్వండి, ముందే రికార్డు చేసిన పాట వద్దు, అక్కడే వాయించి అక్కడే పట్టండి అన్నాను. సింబల్స్‌కు తువ్వాళ్లు కట్టొద్దని కూడా చెప్పాను.

డ్రమ్మర్ కాసేపు ఆలోచించాడు. "అక్కడ గాలి ఎక్కువండీ, మైకుల్లో పడుతుంది" అన్నాడు.

పడనివ్వండి అన్నాను.