పథ్యం పేరిట పస్తు

వెంటిలేటర్ తీశారు, గండం గడిచిందనుకున్నాం. ఇంటికొచ్చిన మా మేనమామ నీళ్ల చెంబు ఒంటిచేత్తో ఎత్తలేకపోయారు. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. చేతి గడియారం మోచేయి దాకా జారిపోతోంది. జబ్బు చేసింది ఊపిరితిత్తులకు, కరిగిపోయింది కండ.

ఎంత త్వరగా కరుగుతుందో లండన్ పరిశోధకులు తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2013లో చెప్పారు: ఐసీయూలో పది రోజుల్లో దాదాపు 18 శాతం. తీవ్రమైన జబ్బుతో పోరాడే ఒళ్లు తన కండనే వంటచెరకు చేసుకుంటుంది. టొరంటోలో ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు ఒక్కసారిగా తీవ్రంగా దెబ్బతినే జబ్బు) నుంచి బయటపడ్డవారిని ఏడాది పాటు గమనిస్తే, 2003లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఊపిరితిత్తులు చాలావరకు కోలుకున్నాయి. ఆరు నిమిషాల్లో నడిచే దూరం మాత్రం మామూలులో మూడింట రెండొంతుల దగ్గరే ఆగింది. మరి తెలంగాణలో, 2019-21 జాతీయ సర్వే లెక్కన, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 19 శాతం ఉండాల్సిన బరువు లేనివాళ్లే. వాళ్లకు కరగడానికి ఏముంది?

అలాగని మొదటి రోజు నుంచే గొట్టంలో ప్రొటీన్ దట్టిస్తే లాభం లేదు. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో దాదాపు 1,300 మందిని చూశారు. ఒంటి బరువులో కిలోకు రోజుకు 2.2 గ్రాముల ప్రొటీన్ చొప్పున లక్ష్యం పెట్టుకున్నా, మామూలు మోతాదు అందినవారికంటే వాళ్లు ముందుగా ఇల్లు చేరలేదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి కీడే జరిగే సూచన కనిపించింది. ఎండిపోయిన మనిషికి ఒక్కసారిగా పెట్టినా ప్రమాదమే, రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండె మీదికి వస్తుంది.

నా దృష్టిలో మనం చేజేతులా చేసుకునే నష్టం గొట్టం తీశాకే. మింగుడు పడదు, నోరు చేదు. వార్డులో పళ్లెం సగానికి సగం వెనక్కి పోతుంది, ఎంత తిన్నాడో రాసే నాథుడుండడు. ఇంటికొస్తే పథ్యం. పప్పు తింటే చీము, గుడ్డు వేడి, పెరుగు జలుబు. మిగిలేది సగ్గుబియ్యం జావ, చారన్నం. యూరప్ మార్గదర్శకాలు ఐసీయూలోనే క్రమంగా కిలోకు 1.3 గ్రాముల ప్రొటీన్ దాకా తేవాలంటాయి. 60 కిలోల మనిషికి రోజుకు 78 గ్రాములన్నమాట. గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. సగ్గుబియ్యంలో లేనట్టే.

మామయ్య డిశ్చార్జి కాగితంలో పదకొండు మందులు, పూటలతో సహా రాశారు. తిండి గురించి రెండే మాటలు: సాఫ్ట్ డైట్. నెల తర్వాత వేరే చోట ఒక డైటీషియన్ రోజుకు రెండు గుడ్లు, మెత్తని పప్పు, పెరుగు, పూటపూటకీ కొంచెం కొంచెంగా పెట్టమని రాసిచ్చింది. అత్తయ్య ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని అడిగింది: ‘‘మరి చీము పట్టదా?’’