సముద్రానికి ఇరవై నిమిషాలు

విశాఖపట్నం వాళ్లు సముద్రం చూడటానికి అండమాన్ వెళ్తున్నారంటే కొందరు నవ్వుతున్నారు. వాళ్లకి విషయం తెలీదు. బంగాళాఖాతం ఈ ఒడ్డున సరిగ్గానే ఉందని మనకి తెలుసు. అవతలి అంచున ఎలా ఉందో సుమారు 1,200 కిలోమీటర్లు దాటి వెళ్లి తనిఖీ చెయ్యాల్సిన బాధ్యత ఎవరిది?

మన సముద్రంతో అసలు చిక్కు, అది ఉచితం. పైగా రోజూ ఉంటుంది. ఎంతసేపు చూసినా ఎవరూ ఈల వెయ్యరు. అలాంటిదానికి గౌరవం ఎక్కడ దొరుకుతుంది? ఆర్కే బీచ్‌కి వెళ్లినవాడు మురీ మిక్చర్ బండి వైపు తిరిగి కూర్చుంటాడు.

అదే అండమాన్‌లోని నీల్ దీవిలో చూడండి. 2018 డిసెంబరులో షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు, నీల్ అనే పిలుపు మాత్రం పోలేదు. అక్కడ సముద్రం కోసిన రాతి వంతెన ఒకటుంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే దాని దగ్గరికి వెళ్లగలం. గరుకు రాళ్ల మీద చెప్పులు జారుతుండగా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మా బృందమంతా చేరాక గైడ్ ప్రకటించాడు: "ఇరవై నిమిషాలండీ! ఫొటోలు తీసుకుని వచ్చెయ్యండి." అందులో సగం ఎవరు ముందు నిలబడాలో తేల్చుకోవడానికి పోయింది, మిగతాది తలలు లెక్కపెట్టడానికి. రాయిని చూసినవాళ్లు తక్కువే, అయినా అందరికీ తృప్తి కలిగింది.

ఇలాంటి రాతి తోరణమే తొట్లకొండ దిగువన మంగమారిపేట ఒడ్డున ఉందని నోరు జారాను. "మన వైజాగ్‌లోనా? మరి ఎవరూ తీసుకెళ్లలేదేంటండీ?" అన్నారు మధురవాడ నుంచి వచ్చిన ఒక ఆంటీ. తీసుకెళ్లేవాడు లేకపోతే ఆవిడ మాత్రం ఎలా చూస్తారు?

సూర్యాస్తమయం సంగతి ఇంకా ఘోరం. మన గడియారాలు కాకినాడ మీదుగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. చలికాలంలో ఐదింటికే సూర్యుడు దిగిపోతాడు, మనవాళ్ల పకోడీలు అయ్యేదాకా ఆగడు. గైడ్‌కి అప్పగించని కార్యక్రమాలన్నీ ఇలాగే ఉంటాయి.

సెల్యులర్ జైలుకి గంట ఇచ్చారు. 1906లో కట్టడం పూర్తయిన ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే ఉన్నాయి కాబట్టి సరిపోతుందని లెక్క. ఏళ్ల తరబడి అక్కడ గడిపినవాళ్లకి ఇంత చురుకైన నిర్వహణ దొరకలేదు, పాపం. బయట కొబ్బరిబొండాల ఆయన అచ్చం శ్రీకాకుళం యాసలో "ఏ ఊరు బాబూ మీది?" అనేసరికి, విదేశానికి వచ్చామనుకుంటున్న కొందరి ముఖాలు చిన్నబోయాయి.

అందుకే నాదొక ప్రతిపాదన. విశాఖ వాళ్లకి విశాఖ చూపించే గ్రూప్ టూర్ వెంటనే మొదలుపెట్టాలి. అందరికీ పసుపు టోపీలు ఇవ్వాలి. 31 ఏళ్లు నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి దగ్గర మొదట ఆపాలి. రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్తూ, చుట్టాలొస్తే తప్ప లోపల అడుగుపెట్టనివాళ్లు ఈల వినగానే బుద్ధిగా లైన్లో నిలబడతారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఉప్మా. వంటమనిషి మన వెంటే రావాలి, ఉప్మా లేనిదే తెలుగువాడికి ప్రకృతి కనపడదు. మంగమారిపేటలో ఇరవై నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ ఇచ్చినా విలువ పడిపోతుంది.

ధర మాత్రం అండమాన్ కంటే తగ్గకూడదు. రుషికొండ మీదుగా భీమిలికి 900కె సిటీ బస్సు తిరుగుతోందని, కుడివైపు కిటికీ సీటు దొరికితే దారి పొడవునా సముద్రమేనని బ్రోచర్‌లో ఎవరూ రాయొద్దు.