డిగ్రీ పేరు చూసి చేరిపోకండి

మానసిక ఆరోగ్యంలో పీజీ చేస్తామని ముందుకొస్తున్న యువతను చూస్తే మాకు సంతోషంగా ఉంది, ఎందుకంటే అవసరం అంతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి ప్రపంచంలో 97 కోట్ల మంది, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, ఏదో ఒక మానసిక రుగ్మతతో బతుకుతున్నారు. మరి వాళ్లను చూసేవాళ్లు ఎందరు? ఆ సంస్థే 2020లో చేసిన సర్వే ప్రకారం సంపన్న దేశాల్లో లక్ష జనాభాకు మానసిక ఆరోగ్య సిబ్బంది అరవై మందికి పైగా ఉంటే, పేద దేశాల్లో ఇద్దరు కూడా లేరు.

ఇలాంటప్పుడు చదవడానికి వచ్చినవాళ్లను తికమక పెట్టడం మాకు అస్సలు నచ్చడం లేదు. సైకియాట్రీ అనో మెంటల్ హెల్త్ అనో పేరున్న మాస్టర్స్ కోర్సులు చాలానే ఉన్నాయి కానీ, అది పాసయ్యాక పేషెంటుకు వైద్యం చేసే లైసెన్స్ వస్తుందా రాదా అన్న ఒక్క ముక్క చేరేముందు ఎవరూ సూటిగా చెప్పరు.

సైకియాట్రిస్టు అంటే ముందు డాక్టరు. మెడికల్ డిగ్రీ అయ్యాక అమెరికాలో నాలుగేళ్ల రెసిడెన్సీ (ఆస్పత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ), భారత్‌లో మూడేళ్ల ఎండీ, బ్రిటన్‌లోనైతే కొత్త డాక్టర్లందరూ చేసే రెండేళ్ల ఫౌండేషన్ శిక్షణ తర్వాత మామూలుగా మరో ఆరేళ్ల శిక్షణ, మధ్యలో సైకియాట్రిస్టుల సంస్థ అయిన రాయల్ కాలేజీ పెట్టే పరీక్షలు. ఏడాదిలో అయిపోయే ఎమ్మెస్సీ డాక్టరుకు చదువుగా పనికొస్తుంది, పరిశోధనకూ పనికొస్తుంది, కానీ ఈ శిక్షణకు బదులు కాదు.

మానసిక సమస్యలను అంచనా వేసి, ముఖ్యంగా మాటలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజీలోనూ ఇదే చిక్కు. బ్రిటన్‌లో క్లినికల్ సైకాలజిస్టు అన్న పేరుకు చట్ట రక్షణ ఉంది, అంటే రిజిస్టరైనవాళ్లే ఆ పేరు వాడాలి, దానికి మూడేళ్ల డాక్టరేట్ కావాలి. అమెరికాలోనూ మామూలుగా డాక్టరేట్, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్ అడుగుతారు. ఉత్త సైకాలజీ మాస్టర్స్‌తో అక్కడి దాకా వెళ్లొచ్చని ఆశపడి రెండేళ్లు పోగొట్టుకోవడం బాధాకరం.

ఇక నర్సింగ్, సోషల్ వర్క్. వీటిని సీటు రానివాళ్ల దారులుగా చూడటం తప్పని మేము గట్టిగా నమ్ముతున్నాం. సైకోసిస్ (లేనివి ఉన్నట్టు వినిపించడం, కనిపించడం, నమ్మడం లాంటి స్థితి) తగ్గి ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిన మనిషి మందులు మానేస్తున్నాడని ముందుగా పసిగట్టేది, భయపడిపోయిన ఇంట్లోవాళ్లకు ఓపిగ్గా చెప్పేది, మళ్లీ ఉద్యోగంలో కుదురుకునేలా చూసేది చాలాసార్లు వీళ్లే. అమెరికాలో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టిషనర్లు మందులు కూడా రాస్తారు.

పబ్లిక్ హెల్త్ వైపు మొగ్గు ఉన్నవాళ్లు జింబాబ్వేను చూడాలి. సైకియాట్రిస్టులను వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఆ దేశంలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు, మామూలు బామ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోబెట్టి, బాధలో ఉన్నవాళ్లతో మాట్లాడించారు. మామూలు సేవలు పొందినవాళ్ల కంటే వీళ్లతో మాట్లాడినవాళ్లలో లక్షణాలు బాగా తగ్గాయని 2016లో అచ్చయిన ట్రయల్ తేల్చింది. ఆ శిక్షణ రూపొందించడానికి, ఫలితం నిజమా కాదా అని కొలవడానికి గ్లోబల్ మెంటల్ హెల్త్, ఎపిడెమియాలజీ (జనంలో జబ్బులు ఎలా వ్యాపిస్తాయో, ఎందుకొస్తాయో లెక్కలతో చూసే శాస్త్రం) లాంటివి చదివినవాళ్లు కావాలి. పేషెంటును నేరుగా చూడకపోయినా అది చిన్న పనేం కాదు.

ఇంకో మాట. తామే డిప్రెషన్‌ను దాటుకుని ఈ చదువులోకి వచ్చేవాళ్లూ ఉంటారు, వాళ్లు రావడం ఈ రంగానికి బలం. కానీ రోజంతా ఇతరుల బాధ విన్నాక ఆ బరువు దించుకోవడానికి క్రమం తప్పకుండా కూర్చుని మాట్లాడే సూపర్‌వైజర్ ఎవరికైనా కావాలి, వాళ్లకైతే మరీ కావాలి. ఆ ఏర్పాటు లేకుండా కేసులు అప్పజెప్పే కోర్సు, పేరు ఎంత గొప్పదైనా, పిల్లల్ని టెన్షన్‌లోకి నెట్టేస్తోందనే మేమంటాం.

అందుకే విశ్వవిద్యాలయాలను మేము అడిగేది ఇదీ: లైసెన్స్ వస్తుందా, ఏ దేశంలో చెల్లుతుంది, పేషెంట్లతో ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో అన్నది ప్రకటన మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో వేయండి. నియంత్రణ సంస్థలు దీన్ని తప్పనిసరి చేయాలి. అంతవరకు విద్యార్థులే లైసెన్స్ ఇచ్చే మండలికి నేరుగా రాసి కనుక్కోండి, నిరుడు పాసైనవాళ్లు ఇప్పుడు ఏం పని చేస్తున్నారో కాలేజీని అడగండి. జవాబు దాటేస్తే ఫీజు కట్టకండి.