కొడుకు ఫోన్ ఎత్తడం లేదు: అగ్నివీర్ ఇంట్లో మొదటి పది వారాలు

అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ల సైనిక కొలువుకు, ఎంపికైన కొడుకును మహబూబ్‌నగర్ స్టేషన్‌లో బెంగళూరు రైలెక్కించి వచ్చాక మా అక్క పన్నెండు రోజులు వాడి గొంతు వినలేదు. మొదటి రోజు ఫోన్ మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. రెండో రోజు నుంచి స్విచాఫ్. నాలుగో రోజుకు అక్క అన్నం సరిగ్గా తినడం మానేసింది. ఆరో రోజు పిల్లగాణ్ణి పరుగుకు తయారు చేసిన కోచింగ్ సార్ దగ్గరికి పోయింది. "ఏం గాదమ్మా, ట్రైనింగ్‌ల మొదట్ల ఫోన్లు ఇయ్యరు" అన్నాడాయన. ఆ ఒక్క మాట రైలెక్కకముందే ఎవరన్నా చెప్పి ఉంటే ఆ ఇల్లు అన్ని రోజులు నరకం చూసేది కాదు.

మనిషిని దూరం పంపడం పాలమూరుకు కొత్త కాదు. మూడు నాలుగు తరాలుగా బొంబాయికి, పుణెకు కూలికి పోయినోళ్లం. ఆ వలసకు ఒక పద్ధతి ఉండేది. ఊరి మనుషులు పదిమంది కలిసి పోయేవాళ్లు, మేస్త్రీ ఎవరో ఇంట్లో తెలుసు, ఒకరు ఫోన్ చేస్తే పది ఇళ్లకు కబురు అందేది. అలాంటి చోట మనిషి పలకలేదంటే ఏదో జరిగినట్టే లెక్క: పరంజా మీద నుంచి పడ్డాడు, కూలీ డబ్బులు ఎగ్గొట్టారు, జ్వరంతో మంచాన పడ్డాడు. నిశ్శబ్దం అంటే ఆపద అని మన ఇళ్లు అనుభవంతో నేర్చుకున్నాయి. సైనిక శిక్షణలో మాత్రం ఆ నిశ్శబ్దం నియమంలో భాగం. మా అక్క భయం అమాయకత్వం అని నేను ఒప్పుకోను. వలసలో నేర్చిన పాఠాన్నే ఆమె ఇక్కడా వాడింది. ఇది వేరే పాఠమని ఆమెకు చెప్పాల్సిన వాళ్లే చెప్పలేదు.

నల్లగొండ వైపు ఆర్మీ అనగానే తల్లిదండ్రుల మనసులో మెదిలేది 2020 జూన్. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు గల్వాన్‌లో ప్రాణాలిచ్చిన రోజులు అక్కడి వాళ్లెవరూ మరిచిపోలేదు. అందుకే పిల్లవాడు శిక్షణకు పోయిన నాటి నుంచే సరిహద్దు గురించి బెంగ మొదలవుతుంది. కానీ శిక్షణ కాలంలో వాడు సరిహద్దులో ఉండడు. అక్కడ వాడికి ఎదురయ్యేవి బూట్లు కరిచిన పాదాలు, చాలని నిద్ర, భాష తెలియని ఒంటరితనం.

శిక్షణ ఎంతకాలమన్నది కేంద్రాన్ని బట్టి, చేరిన విభాగాన్ని బట్టి ఉంటుంది. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో 2023 జనవరిలో మొదలైన తొలి అగ్నివీర్ బ్యాచ్‌కు 31 వారాలు పెట్టారు. అందులో మొదటి 10 వారాలు ప్రాథమిక శిక్షణ, మిగతా 21 వారాలు ఫిరంగి పనికి సంబంధించినది. నేవీకి ఎంపికైతే ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాకు పోవాలి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి గోల్కొండ వంద కిలోమీటర్లే గదా, ఆదివారం టిఫిన్ డబ్బా కట్టుకుని పోయి చూసొద్దాం అనుకునే వాళ్లున్నారు. ఆ ఆశ పెట్టుకోవద్దు. దగ్గర్లో ఉన్నంత మాత్రాన గేటు తెరవరు.

చాలా కేంద్రాల్లో మొదట ఫోన్లు తీసుకుని పక్కన పెడతారు. తర్వాత వారానికోసారి, ఎక్కువగా ఆదివారం, కాసేపు ఇస్తారు. ఆ కాస్త సమయంలో ఇంటి గొడవలన్నీ వాడి నెత్తిన కుమ్మరించొద్దు. బోరు ఎండిందనీ, చిన్నాయనతో గట్టు తగాదా వచ్చిందనీ చెబితే వాడు అక్కడి నుంచి చేయగలిగేదేం లేదు, ఆ రాత్రి వాడికి నిద్ర పట్టదంతే. రాఖీ మాత్రం రెండు వారాల ముందే పోస్టులో వేయండి.

నా లెక్కలో అసలు కష్టం మొదటి వారంలో ఉండదు. మూడో, నాలుగో ఆదివారం వస్తుంది. "నేనుండలేనమ్మా, వచ్చేస్త" అంటాడు. అప్పుడు "వచ్చెయ్ బిడ్డా" అన్నా తప్పే, "ఇజ్జత్ తియ్యకు" అని కసిరినా తప్పే. ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి. మన ఊళ్లల్లో పిల్లలు ఆర్మీ భర్తీ ర్యాలీ కోసం తయారయ్యేది ముఖ్యంగా రెండింటికి: 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్. పరుగు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు, 10 పుల్‌అప్స్ తీస్తే 40. అంటే ఆరు నిమిషాలు కూడా పట్టని పరుగు కోసం ఏడాదంతా చెమటోడుస్తారు. శిక్షణలో బరువు మోస్తూ, బూట్లు వేసుకుని, నెలల తరబడి రోజూ పరుగెత్తాలి. ఊళ్లో అందరికన్నా ముందు ఉరికిన పిల్లగాడికి కూడా మోకాలి కింద ఎముక నొప్పి పెట్టొచ్చు. ఆ నొప్పిని దాచిపెట్టి పరుగెత్తితే ఎముకకు సన్నని బీట పడొచ్చు.

ఇక్కడే ఇంటివాళ్లు పెద్ద తప్పు చేస్తారు. "సార్లకు చెప్పకు, ఇంటికి పంపిస్తరు" అని మనమే నూరిపోస్తాం. మా బావ అచ్చంగా ఆ మాటే అన్నాడు. కానీ మొదట్లోనే ఎంఐ రూమ్‌కు, అంటే కేంద్రంలోని వైద్య గదికి, పోతే కొన్నాళ్ల విశ్రాంతితో, తేలిక పనితో సరిపోయేది, దాస్తే నెలలు మింగుతుంది. పరీక్షల్లో తప్పినా, గాయంతో వెనకబడినా వెనక వచ్చే బ్యాచ్‌లో కలుపుతారు. దాన్ని రెలిగేషన్ అంటారు. అది నేరం కాదు, శిక్షణ ఇంకొన్ని వారాలు పొడిగించినట్టు. కొందరు చివరికి ఇంటికి తిరిగి రావలసి వస్తుంది కూడా. అలా వచ్చిన పిల్లవాణ్ణి "పారిపోయొచ్చిండు" అని హోటల్ ముందు కూర్చుని ముద్ర వేసే ఊళ్లు నాకు తెలుసు. ఆ ముద్రకు భయపడే పిల్లలు నొప్పి దాస్తారు. వాడు రైలెక్కే ముందే "ఎట్ల వచ్చినా ఇది నీ ఇల్లే" అని తండ్రి నోటితో చెప్పాలి. మన దగ్గర తండ్రులు ఇలాంటివి నోరు తెరిచి చెప్పరు. ఈ ఒక్కసారికి చెప్పాలి.

భాష విషయంలో పాలమూరు పిల్లలకు కాస్త మేలు. ఇంటి పక్క ఉర్దూ విని పెరిగినోళ్లకు ఉస్తాద్ (శిక్షణ ఇచ్చే సారు) హిందీ త్వరగానే చెవికెక్కుతుంది. జొన్నరొట్టె తిన్న నోటికి గోధుమరొట్టె అలవాటు కావడం కూడా పెద్ద సంగతి కాదు.

డబ్బు సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. మొదటి ఏడాది జీతం నెలకు 30,000 రూపాయలు. అందులో 30 శాతం సేవా నిధికి, అంటే చివర్లో ఒకేసారి ఇచ్చే పొదుపుకు, పోగా చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాది 40,000లో 28,000 చేతికొస్తాయి. నాలుగేళ్ల చివర వాడి వాటా, ప్రభుత్వ వాటా, వడ్డీ కలిపి సుమారు 11.71 లక్షలు వస్తాయి. పింఛను లేదు. బ్యాచ్‌లో 25 శాతం మందిని మించి ఆర్మీలో ఉంచుకోరు. ఈ లెక్క చూశాక కూడా వాడి జీతం నమ్ముకుని పదేళ్ల అప్పు చేయడం వాడికి చేసే అన్యాయం. "ట్రైనింగ్ పాస్ చేయిస్తా" అని డబ్బులడిగే వాడు దొంగ, సందేహమే వద్దు.

ఇంట్లో చావు సంభవిస్తే ఎవరికి చెప్పాలి? పిల్లవాడి ఆర్మీ నంబరు, కంపెనీ, ప్లాటూన్, కేంద్రం ఆఫీసు ఫోన్ నంబరు ఇంట్లో ఉండాలి. వాటితో కబురు చేస్తే విచారించి సెలవు సంగతి చూస్తారు. చూడాలనిపించి "నాయనమ్మకు సీరియస్" అని అబద్ధం చెబితే, రేపు నిజంగా ఆపద వచ్చినప్పుడు ఆ పిల్లవాడి మాటకే విలువ ఉండదు.

ఇవన్నీ ఎవరో బంధువు చెబితేనో, కోచింగ్ సార్ దయతలిస్తేనో తెలియడం సరికాదు. బిడ్డను సైన్యానికి ఇచ్చే తల్లికి ఒక తెలుగు కాగితం ఇవ్వలేమా? శిక్షణ కేంద్రం పేరు, ఎన్నాళ్లు ఫోన్ ఉండదో, ఆపదలో ఎవరికి చెప్పాలో, ఆ కాగితంలో ఇవి ఉంటే చాలు. మాజీ సైనికుల కోసం పనిచేసే సైనిక సంక్షేమ కార్యాలయాలు, చేరబోయే పిల్లల తల్లిదండ్రులను ఒక్క పూట పిలిచి కూర్చోబెట్టినా చాలు. ఊళ్లో రిటైరైన హవల్దార్లు ఉన్నారు, అడిగితే సంతోషంగా వచ్చి మాట్లాడతారు.

మా అక్క ఇప్పుడు ఆ నంబర్లన్నీ బీరువా తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాయించుకుంది. పదమూడో రోజు కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆమె మొదట అడిగి రాయించింది అవే.