సందేశాత్మక చిత్రాలు: ఆచరణ విధానం

సక్సెస్ మీట్‌లో యాంకరు తప్పనిసరిగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ సినిమాతో సమాజానికి ఏం సందేశం ఇద్దామనుకున్నారు సార్?" దర్శకుడు గొంతు సవరించుకుని "మానవ సంబంధాలు" అంటాడు. చప్పట్లు. విమర్శకులు కూడా అక్కడితో ఆగి, మూడుంపావు రేటింగు ఇచ్చి ఇంటికి పోతారు. సోమవారం పొద్దున్నే లేచి ఆ మానవ సంబంధాలతో ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పరు. ఈ లోటు తీర్చడం విమర్శకుడి కనీస ధర్మం.

ముందుగా 'బలగం' (2023). కొమురయ్య పోతాడు. మూడో రోజు పెట్టింది పిట్ట ముట్టదు, ఐదో రోజు పెట్టిందీ ముట్టదు. కుటుంబం చీలినందుకే పెద్దాయన ఆత్మ క్షోభిస్తోందని జనం ఏడ్చారు. ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ ఏడ్చారు. ఆ కన్నీళ్లలో అసలు పాఠం కొట్టుకుపోయింది. ఆ ఇంటి అల్లుడు ఏళ్ల తరబడి అత్తారింటి గడప తొక్కకపోవడానికి మూలం, విందులో తనకు నల్లిబొక్క, అంటే మూలుగ బొక్క, పడకపోవడం. అంటే ఇది తత్వశాస్త్రానికి చెందిన సమస్య కాదు, వడ్డనకు చెందినది.

యాటకు కాళ్లు నాలుగు. కాలికి రెండు చొప్పున మూలుగ నిండిన బొక్కలు ఎనిమిది. గిట్టల వైపు సన్నవి పాయాకి పోతాయి, అల్లుళ్ల లెక్కలోకి రావు. ఆ ఎనిమిదింటిని కూడా నడిమికి నరికితే రెండు వైపులా తెరుచుకుని, ఉడుకుతుండగానే మూలుగ పులుసులోకి జారిపోతుంది. కీలు వైపు మూసి ఉండేలా కొట్టమని దుకాణంలోనే చెప్పాలి. కుక్కర్ మీద రెండు విజిళ్లు ఎక్కువ వచ్చినా ఇదే గతి. అల్లుడు నోట్లో పెట్టుకుని పీలిస్తే గాలి వస్తుంది. నల్లిబొక్క పడకపోతే మరిచిపోయారని సర్దిచెప్పుకోవచ్చు, ఖాళీది పడితే మాత్రం కావాలనే చేశారంటారు.

ఇంకో చిక్కుంది. బరువైనది కాబట్టి బొక్క గిన్నె అడుగుకి చేరుతుంది. పైపైన గంటె తిప్పే బామ్మర్దికి దొరకదు. ఆఖరి బంతిలో కూచున్న పక్కింటాయన విస్తట్లో తేలుతుంది. కాబట్టి మొదటి బంతి లేవకముందు కాదు, అసలు కూచోకముందే నల్లిబొక్కలన్నీ వేరే గిన్నెలోకి తీసి, అల్లుళ్లను పెళ్లి తేదీల వరసలో రాసుకుని, పేరుకొకటి చూసుకోవాలి. అల్లుళ్లు ఎనిమిది మందిని మించితే రెండో యాట తప్పదు. కిలో మటన్ తెచ్చి ముగ్గురల్లుళ్లను పిలిచేవాళ్లు పిట్ట గురించి తర్వాత బాధపడి లాభం లేదు.

నగరవాసులకు చిన్న సవరణ. టెర్రస్ మీద పెట్టింది కాకి ముట్టలేదని, నాన్నగారికి ఏదో కోరిక మిగిలిపోయిందని, వెంటనే ఆస్తి కాగితాలు బయటికి తియ్యకండి. పావురాల కోసం కట్టిన వల విప్పారో లేదో ముందు చూడండి.

ఇక 'పుష్ప' (2021). ఎవరికీ తగ్గకూడదని నేర్పిందంటారు. నిజానికి అది నేర్పింది భౌతికశాస్త్రం. శేషాచలం ఎర్రచందనం చేవ సాంద్రత సుమారు 1.1. పాల సాంద్రత 1.03. పాల ట్యాంకరులో దుంగలు దాచిన దృశ్యం అందుకే బలమైనది. సందుల్లేకుండా పేరిస్తే కాటా మీద చెప్పుకోదగ్గ తేడా రాదు. అయితే అదే అంకె, దుంగల్ని ఏట్లోకి తోసి దిగువన డ్యామ్ దగ్గర ఏరుకునే దృశ్యాన్ని నిలువునా ముంచింది. నీటి సాంద్రత 1 కాబట్టి చేవదేరిన దుంగ తేలదు. గేట్లు మూసినా తెరిచినా పడ్డచోటే పడుంటుంది. ఈ సినిమాను తొమ్మిదో తరగతి పాఠ్యాంశంగా ఎందుకు పెట్టలేదో విద్యాశాఖ ఆలోచించుకోవాలి.

రెండో భాగంలో (2024) భార్య ముచ్చటపడిందని హీరో ముఖ్యమంత్రితో ఫోటో అడుగుతాడు. స్మగ్లరుతో ఫోటో కుదరదంటాడాయన. దాంతో హీరో ముఖ్యమంత్రినే మార్చే పనిలో పడతాడు. దీన్ని ఆత్మగౌరవ పోరాటమని రాశారు. పాపం, అతనికి ఫ్లెక్సీ షాపు గురించి చెప్పినవాళ్లు లేకపోయారు. వార్డు మెంబరుగా ఓడినవాళ్లు కూడా అక్కడ ముఖ్యమంత్రి పక్కన నిలబడి నమస్కారం పెడుతున్నారు. ఎనిమిదడుగులకు నాలుగడుగులు, అంటే 32 చదరపు అడుగులు. పొద్దున చెబితే సాయంత్రానికి సెంటరులో కట్టెయ్యొచ్చు. మన తలకాయ ముఖ్యమంత్రి తలకాయ కన్నా పెద్దది రాకుండా డీటీపీ కుర్రాణ్ణి హెచ్చరించడం ఒక్కటే మరవకూడదు. ఎమ్మెల్యేల మద్దతు కూడగట్టే ఖర్చుతో పోలిస్తే జీఎస్టీ కలిపినా చవకే.

'బాహుబలి' రెండో భాగంలో (2017) చెట్లను వంచి సైనికుల్ని కోటలోకి విసిరే పద్ధతి గురించి ఒక్క మాట చాలు. అవి తాటిచెట్లే అయితే, కాపుకి రావడానికే పన్నెండేళ్ల పైమాట. యుద్ధం నిశ్చయించుకోగానే టెంకలు పాతిపెట్టాలి.

నవలల్లోకి వస్తే, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన 'కొండపొలం' తానా బహుమతి అందుకుంది, 2021లో సినిమాగానూ వచ్చింది. ఉద్యోగం దొరకని కుర్రాడు కరువుకి గొర్రెలతో నల్లమల ఎక్కి, ధైర్యం కూడగట్టుకుని, అటవీ సర్వీసు అధికారి అవుతాడు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగుకి డబ్బు కట్టే తండ్రులు తొందరపడి గొర్రెలు కొనేముందు కాస్త నిదానించాలి. సివిల్స్ వాళ్లతో కలిపి ప్రిలిమ్స్, తర్వాత మెయిన్స్‌లో ఆరు పేపర్లు ఉంటాయి. వీటిలో మంద చెయ్యగల సాయం లేదు. ఆపైన నడక పరీక్ష ఉంది. మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాలి. గొర్రెలు అక్కరకొచ్చేది ఇక్కడే అనిపిస్తుంది. కానీ లెక్క వెయ్యండి, మగవాళ్లకు గంటకి ఆరుంపావు కిలోమీటర్లు పడుతుంది. మేసుకుంటూ పోయే గొర్రె ఆ వేగానికి చచ్చినా ఒప్పుకోదు. కథలో పులి అవసరం ఏమిటని అడిగేవాళ్లు ఈ లెక్క చూసుకోలేదు.