రెండున్నరేళ్ల వేళ్లకు పెన్సిలా?

"మీ బిడ్డ మేధావి అవుతాడో లేదో చేతివేళ్లే చెబుతాయి" అన్న సందేశం ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు ఊరుకున్నాను. నాలుగోసారి పంపింది మా తోడికోడలు. ఆమెకు 9 నెలల మనవడు ఉన్నాడు కాబట్టి ఇక ఊరుకోలేను.

నానబెట్టిన బాదంపప్పు తింటే చేతిరాత గుండ్రంగా వస్తుందట. తినండి, ఒంటికి మంచిదే.

ఫోను తెర మీద వేలు జరిపితే వేళ్లకు వ్యాయామమట. అద్దం మీద జారే వేలికి బలంతో పనేముంది? చపాతీ పిండి ముద్ద చేతికివ్వండి, తేడా తెలుస్తుంది.

రెండున్నరేళ్లకే 'అ' దిద్దించాలట. చూసి సున్నా చుట్టడమే మామూలుగా 3 ఏళ్లకు వస్తుంది. త్రిభుజానికి ఇంచుమించు 5 ఏళ్లు పడుతుంది. సున్నా కుదరని చేతితో 'అ' మెలికలు తిప్పించాలా? అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి దిద్దించిన పెద్దలే నయం. అయినా నేనెవరిని అనడానికి? మా పెద్దమ్మాయికి మూడేళ్లు నిండకుండానే పలక ఇచ్చాను. బలపాన్ని పిడికిట్లో బిగించి నొక్కేది, అది పుటుక్కున విరిగేది, నేను కసిరేదాన్ని.

ఇవన్నీ క్షమించవచ్చు. "ఏడాది నిండకముందే అన్నీ ఒకే చేత్తో అందుకుంటే కుశాగ్రబుద్ధి" అన్న వాక్యాన్ని మాత్రం క్షమించలేను. ఆ వయసులో పిల్లలు రెండు చేతులూ వాడాలి. 6 నెలల ప్రాంతంలోనే గిలక్కాయను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటారు. కుడివాటమో ఎడమవాటమో స్పష్టంగా తేలేది రెండేళ్లు దాటాకే. ఏడాదిన్నర లోపే ఒక చేతిని పక్కన పెట్టేస్తున్నాడంటే ఆ చేతిలో బలం లేదేమో, ఆ పక్క కండరాలను నడిపే మెదడు భాగానికి దెబ్బ తగిలిందేమో చూడాలి. పిల్లల వైద్యుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. త్వరగా పసిగడితే, బాగున్న చేతికి కాసేపు తొడుగు వేసి రెండోదానికి పని చెప్పే చికిత్స ఉంది. మనవాళ్లు మాత్రం చప్పట్లు కొట్టి, వీడియో తీసి, బంధువులందరికీ పంపి, ఏడాది పోగొట్టుకుంటారు. మేధావి కదా, తొందరేముంది!

చివరి అంశం మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను: బిడ్డను తన చేత్తో తిననివ్వండి అన్నారు. 9, 10 నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి అన్నం మెతుకు ఏరడం మొదలవుతుంది. ఇల్లంతా మెతుకులవుతాయని నేను ముద్దలు కలిపి పెట్టేదాన్ని.

నిన్న ఫోను చేశాను. "అక్కా, వాడు ఎడమచేత్తో కూడా ఏరుతున్నాడా?" అని అడిగాను. పళ్లెం ముందు కూర్చోబెట్టి చూసి చెబుతానంది.